మనుమడి పర్సనల్ రిజిస్టరు



మనుమల చదువులో మన పాత్ర గురించి రెండు మాటలు చెప్పమన్నారు. నేను ఉపాధ్యాయుణ్ణి కాను, గుమాస్తాను. అందుచేత నేను చేసిన పొరపాటునే మీ ముందు పెడతాను.

మా మనుమడు ఆరవ తరగతిలో ఉండగా అర్ధ సంవత్సర పరీక్షలో లెక్కల్లో వెనుకబడ్డాడు. వెంటనే ఒక లాంగ్ నోటుబుక్కుకు గీతలు గీసి, మన ఆఫీసు పర్సనల్ రిజిస్టరు మాదిరిగా తేదీ, పాఠం, చేసిన లెక్కలు, పెండింగు అని కాలములు వేసి ఇచ్చాను. అట్టమీద "లక్ష్యం: వార్షిక పరీక్షలో 90 మార్కులు" అని ఎర్ర సిరాతో రాశాను. ప్రతి రాత్రీ తనిఖీ. "రిటైరయ్యాక మీకు సూపరింటెండెంటు ఉద్యోగం దొరికింది" అని మా ఇంటావిడ అననే అన్నది.

నెల రోజులు రిజిస్టరు ముచ్చటగా నడిచింది. పెండింగు కాలములో అన్నీ సున్నాలే. ఒకనాడు ఊరికే అడిగాను, సగానికి మూడో వంతు కలిపితే ఎంతరా అని. తడుముకోకుండా "2/5" అన్నాడు. పైవి పైవి, కిందవి కిందవి కలిపేశాడు. రిజిస్టరులోని లెక్కలు చాలావరకు గైడు చూసి ఎక్కించినవే. కోపం వచ్చింది గాని నోరు లేవలేదు. ఇన్‌స్పెక్షను ముందురోజు కాగితాలను కాల్ బుక్కులోకి మార్చి పెండింగు తగ్గించి చూపిన రోజులు నాకు మాత్రం లేవా? ఇక్కడ నవ్వుతున్నవారు ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలుసు.

మరునాడు పక్కన కూర్చోబెట్టుకుని, 90 సంగతి వదిలెయ్యి, నీకేం కావాలి అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరకు "సారు బోర్డు దగ్గరికి పిలిస్తే ఏడుపు రాకూడదు తాతయ్యా" అన్నాడు. ఇన్ని నెలలుగా ఆ పసివాడు మోస్తున్న బరువు అది. నేను అట్టమీద రాసింది వేరొకటి.

ఆ అట్ట చింపేశాం. కొత్త పేజీలో వాడిచేతనే రాయించాను: "ఈ వారం భిన్నాల కూడిక. ఎవరినీ అడగకుండా మూడు లెక్కలు చేసి, ఎందుకలా చేశానో తాతయ్యకు చెప్పాలి." 12 అంగుళాల స్కేలు తీశాం. సగం అంటే 6 అంగుళాలు, మూడో వంతు అంటే 4. మొత్తం 10. అంటే 12లో 10, అంటే 5/6. తాను చెప్పిన 2/5 అసలు సగం కంటే తక్కువని వాడే పట్టుకుని నవ్వాడు. ఈ ఒక్క సంగతికి మాకు నాలుగు సాయంత్రాలు పట్టింది. మనకు తీరిక ఉన్నది గనుక సరిపోయింది.

కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమంలో కూడా, మూడవ తరగతి ముగిసేనాటికి పిల్లలు అర్థం చేసుకుంటూ చదవగలగాలి, మామూలు లెక్కలు చేయగలగాలి అని పెట్టుకున్నారు. అదీ చేతనయ్యే పనినిబట్టి పెట్టుకున్న లక్ష్యమే.

వార్షిక పరీక్షలో మావాడికి 61 వచ్చాయి. బోర్డు దగ్గరికి మాత్రం రెండుసార్లు వెళ్లి వచ్చాడట. ఇప్పుడు తనిఖీ ఆదివారం ఒక్కరోజే, ఎర్ర సిరా లేదు. మొన్న ఆదివారం పెండింగు కాలములో "భిన్నాల భాగహారం, అర్థం కాలేదు" అని తనంతట తానే రాసుకొచ్చి చూపించాడు. వచ్చే ఆదివారం ఆ ఫైలు తీయాలి.