మధుమేహపు మందులు - రక్తములోని కొవ్వు



కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములు చెరకును బెల్లమును ఎరిగిన సీమ. కాని నేడు నేను చెప్పదలచినది తీపిని గూర్చి కాదు. మధుమేహమునకును స్థూలకాయమునకును వాడు మందులు రక్తములోని కొవ్వును ఎంతవరకు తగ్గించును అనునదియే నా విషయము. “షుగరు తగ్గింది, బరువు తగ్గింది, ఇక కొవ్వు గోలీ ఎందుకు?” అను మాట మన ఊళ్లలో వినబడుచున్నది. ఆ మాట ప్రాణములకే ముప్పు తేగలదు.

సుశ్రుతుడు ప్రమేహమును పుట్టుకతో వచ్చినదనియు, అపథ్యముచే వచ్చినదనియు రెండు విధములుగా జెప్పి, మొదటి రోగి కృశుడనియు రెండవవాడు స్థూలుడనియు వ్రాసెను. ధనహీనుడైన రోగి నూరు యోజనములు నడువవలెనని విధించెను. అంతమాత్రమున నేటి వైద్యమంతయు మన ప్రాచీన గ్రంథములలోనే గలదనువారితో నేను ఏకీభవింపను. రక్తములోని కొవ్వును కొలుచు సాధనము ఆనాడు లేదు.

రక్తములోని కొవ్వు ఒకటే పద్దు కాదు. ట్రైగ్లిసరైడులు ఒకటి, చెడు కొలెస్టరాలనబడు ఎల్.డి.ఎల్. మరియొకటి; మంచిదనబడు హెచ్.డి.ఎల్. వేరొకటి. దేహము ఇన్సులినుకు లొంగనప్పుడు కొవ్వు కాలేయమునకు వెల్లువగా చేరి ట్రైగ్లిసరైడులు పెరుగును, హెచ్.డి.ఎల్. తగ్గును. మన దేశీయులలో ఈ తీరు మిక్కిలి కానవచ్చుచున్నది. బరువు తగ్గినచో మొదట దిగునది ఈ ట్రైగ్లిసరైడులే. రక్తనాళములను పూడ్చు ఎల్.డి.ఎల్. మాత్రము అంత సులభముగా దిగదు.

ఆకలిని తగ్గించు సెమాగ్లుటైడు సూదిమందును చూడుడు. 2021లో ప్రకటితమైన పరిశోధనలో మధుమేహము లేని స్థూలకాయులు 68 వారములు దానిని వాడగా బరువు నూటికి సుమారు 15 పాళ్లు, ట్రైగ్లిసరైడులు 22 పాళ్లు తగ్గినవి. ఎల్.డి.ఎల్. తగ్గినది 3 పాళ్లు మాత్రమే! అటోర్వాస్టాటిను వంటి గోలీ దానిని 30 పాళ్లకు పైగా తగ్గించును; ఏలయన, అది కాలేయములో కొలెస్టరాలు తయారగుటను అడ్డగించుటచే, కాలేయమే రక్తములోని ఎల్.డి.ఎల్.ను లాగికొనును. మూత్రమున చక్కెరను వెడలించు డాపాగ్లిఫ్లోజిను వంటి మందులు ఎల్.డి.ఎల్.ను రవంత పెంచును కూడ; అయినను గుండెకును మూత్రపిండములకును మేలు చేయుచున్నవి.

చక్కెరను, కొవ్వును ఒక్క గోలీతోనే సరిచేయవలెనని మన హైదరాబాదులోనే గొప్ప ప్రయత్నము జరిగినది. డాక్టర్ అంజిరెడ్డి గారి సంస్థ శాస్త్రజ్ఞులు రాగాగ్లిటజారు అను మందును కనుగొనగా, 1998లో డెన్మార్కునకు చెందిన నోవో నార్డిస్కు సంస్థ దాని హక్కులను గైకొనెను. చక్కెరతోపాటు ట్రైగ్లిసరైడులును తగ్గినవి. కాని ఎలుకలలో మూత్రాశయమున కణుతులు కనబడుటచే 2002లో ప్రయోగములు నిలిచిపోయినవి. ఆ శ్రమను తలచినపుడెల్ల నాకు విచారము కలుగును. అట్టి రెండు పనులు చేయు సారోగ్లిటజారు తరువాత అహమ్మదాబాదు సంస్థ ద్వారా 2013లో మన దేశమున అనుమతి పొందినది.

సెమాగ్లుటైడు గుండెకు మేలు చేయదని నా అభిప్రాయము కాదు. 2023లో వెలువడిన మరియొక పరిశోధనలో, హృద్రోగమును అధిక బరువును గల 17,604 మందిలో, అది గుండెపోటు, పక్షవాతము, హృద్రోగ మరణములను నూటికి 20 పాళ్లు తగ్గించినది. అయితే అందు పాల్గొన్నవారిలో నూటికి 90 మంది కొవ్వు మందులను ముందునుండియే వాడుచుండిరి. మన ఊళ్లలో ఈ సంగతి చెప్పువారు లేరు. మధుమేహులకు అటోర్వాస్టాటిను ఇచ్చి చూచిన 2004 నాటి పరిశోధనలో పెద్ద హృద్రోగ ప్రమాదములు నూటికి 37 పాళ్లు తగ్గినవి. ఆ గోలీ చక్కెరను కొంచెము పెంచునను మాట నిజమే. కాని మేలే ఎక్కువ.

సూది మానిన పిమ్మట ఒక సంవత్సరములో, తగ్గిన బరువులో మూడింట రెండు పాళ్లు మరల వచ్చినట్లు తేలినది. ట్రైగ్లిసరైడులును మరల పైకి జరుగును. కావున పరీక్ష కాగితమందు ఎల్.డి.ఎల్. అను వరుసను వేరుగా చూడుడు. మధుమేహులకు అది సాధారణముగా 70కి లోపును, హృద్రోగమున్నచో 55కి లోపును ఉండవలెనని వైద్యులు చెప్పుదురు. ఆ కాగితము వైద్యుని చేతి కందకుండ ఏ గోలీని మానరాదు.