చాకలి పద్దులో దొరికిన కథ



రైల్లో కాలక్షేపానికి కొని, దిగేటప్పుడు సీటు మీద వదిలేసే డిటెక్టివ్ నవలకు రసాస్వాదన ఏమిటని చాలామంది నవ్వుతారు. వాళ్లతో వాదన పెట్టుకోను. ఒక నిజమైన హత్యను, దాని ఆనవాళ్లతో పుట్టిన ఒక నవలను పక్కపక్కన పెట్టి చూపిస్తాను. కళ ఎక్కడుందో మీరే తేల్చండి.

1860 జూన్ 29 రాత్రి. ఇంగ్లండులోని విల్ట్‌షైర్‌లో రోడ్ హిల్ హౌస్ అనే పెద్ద బంగళా. ఫ్యాక్టరీల తనిఖీ అధికారి శామ్యూల్ కెంట్ కుటుంబం తలుపులన్నీ వేసుకుని పడుకుంది. తెల్లవారేసరికి ఆయా గదిలో ఉండాల్సిన పిల్లవాడు మంచంలో లేడు. పేరు సావిల్, నాలుగేళ్లు ఇంకా నిండలేదు. ఆవరణలోని మరుగుదొడ్డి గుంటలో, గొంతు కోసి ఉన్న శవం దొరికింది.

స్థానిక పోలీసులు రెండు వారాలు తడుముకున్నాక స్కాట్లండ్ యార్డ్ నుంచి ఇన్‌స్పెక్టర్ జొనాథన్ విచర్ వచ్చాడు. తోటమాలి కొడుకు. 1842లో లండన్ పోలీసుల్లో డిటెక్టివ్ శాఖ పెట్టినప్పుడు తీసుకున్న ఎనిమిది మందిలో ఒకడు. ఆయన పట్టుకున్న ఆధారం ఏమిటో తెలుసా? చాకలి పద్దు. శామ్యూల్ మొదటి భార్య కూతురు కాన్‌స్టెన్స్‌కు అప్పుడు పదహారేళ్లు. ఆ పిల్లకు నైట్ గౌన్లు మూడుండాలి, వెతికితే రెండే ఉన్నాయి. మూడోది చాకలి దగ్గర పోయిందంది. విచర్ నమ్మలేదు. ఉతుక్కి వెళ్లే బట్టలు లెక్కపెట్టి బుట్టలో వేశాక, పనిమనిషిని మంచినీళ్లకు పంపి, ఆ సందులో శుభ్రమైన గౌను ఒకటి వెనక్కి తీసేసుకుందని ఆయన ఊహ. అలా చేస్తే పోగొట్టిన నింద చాకలి మీద పడుతుంది, నెత్తురంటిన గౌను గురించి అడిగేవాడుండడు.

ఎంత చక్కటి ఊహ! కానీ చేతిలో గౌను లేదు. మేజిస్ట్రేట్లు అమ్మాయిని వదిలేశారు. పెద్దింటి పిల్ల మీద ఒక మామూలు పోలీసువాడు వేలెత్తడమా అని పత్రికలు విచర్‌ని దుమ్మెత్తిపోశాయి. 1864లో ఆయన ఉద్యోగం వదిలి వెళ్లిపోయాడు. మరుసటి ఏడు కాన్‌స్టెన్స్ తనంతట తాను లండన్ కోర్టుకు వచ్చి నేరం ఒప్పుకుంది. మరణశిక్ష వేసి యావజ్జీవంగా మార్చారు. ఇరవై ఏళ్లు జైల్లో ఉండి, పేరు మార్చుకుని ఆస్ట్రేలియాలో నర్సుగా బతికి, నూరేళ్ల వయసులో 1944లో పోయింది.

ఇప్పుడు నవల. 1868లో విల్కీ కాలిన్స్ రాసిన ‘మూన్‌స్టోన్’ డికెన్స్ పత్రికలో వారం వారం వచ్చింది. కాలిన్స్ పిల్లవాడి హత్యను పక్కన పెట్టేశాడు. దాని చోట, 1799లో శ్రీరంగపట్నం దోపిడీలో ఇంగ్లీషు సైనికాధికారి కాజేసిన మన దేశపు వజ్రం వచ్చింది. ఆ వజ్రం ఇంగ్లండులోని ఒక పెద్దింట్లో రాత్రికి రాత్రి మాయమవుతుంది. నెత్తురు మరకకు బదులు తలుపు మీది పచ్చి రంగు చెదిరి ఉంటుంది. ఎవరి బట్టకో ఆ రంగు అంటి ఉండాలి. చాకలి పద్దు తెమ్మంటాడు సార్జెంట్ కఫ్. గులాబీ మొక్కలంటే ప్రాణమిచ్చే డిటెక్టివ్ ఈయన. విచర్ తండ్రి వృత్తి మీకు గుర్తుండే ఉంటుంది.

నాకు ముచ్చటగొలిపేది మరొకటుంది. నిజ జీవితంలో విచర్ అనుమానం నిజమైంది, లోకం నమ్మలేదు. నవలలో మాత్రం కఫ్ లెక్కే ఒకచోట తప్పుతుంది. ఎక్కడో చెప్పను.

ఈ కథను ఒకరు చెప్పరు, పలువురు పంచుకుంటారు. ఎవరికి తెలిసినంత వారు చెప్పాలి, తరువాత తెలిసింది ముందు కలపకూడదు. ఆ ఇంటి ముసలి నౌకరు బెటరెడ్జ్, మనవాళ్లు రామాయణం తెరిచి శకునం చూసుకున్నట్టు, ప్రతి చిక్కుకూ ‘రాబిన్సన్ క్రూసో’ తెరుస్తాడు. క్లాక్ అనే భక్తురాలు ఎవరింటికి వెళ్లినా నీతి కరపత్రాలు మూలమూలా దాచి వస్తుంది. మనం ఆవిడను చూసి నవ్వుకుంటూ ఆవిడ చెప్పిన అసలు సంగతి దాటేస్తాం. కాలిన్స్ అబద్ధం చెప్పడు. నిజాన్ని మన కళ్లెదుటే పెట్టి, చూపును ఇంకోవైపు లాగుతాడు. డిటెక్టివ్ నవలలో మెచ్చుకోవలసిన పనితనమంతా ఇదే. చివర్లో ఎక్కడా లేని అన్నదమ్ముణ్ణి దింపి హంతకుడనే రచయిత, నా దృష్టిలో, పాఠకుడి జేబు కొట్టినవాడు.

నిజమైన నేరం గురించి రాసేవారికి ఈ వెసులుబాటు లేదు. కేట్ సమ్మర్‌స్కేల్ 2008లో విచర్ మీద తెచ్చిన పుస్తకం నవలలాగే పరుగెత్తిస్తుంది. కానీ కాన్‌స్టెన్స్ ఒప్పుకోలులో పొసగని సంగతులున్నాయని చూపిస్తుంది, తమ్ముడు విలియంకి ఇందులో చెయ్యి ఉందేమో అన్న అనుమానాన్ని అనుమానంగానే ఉంచుతుంది. తెలియని చోట ఆగడానికి నిగ్రహం కావాలి. మన టీవీ నేరవార్తల్లో నాకు కనిపించనిది అదే. తెలియని సంగతిని నటులతో ఆడించి, కింద డప్పుల మోత పెడతారు. నిందితుడి ముఖం పదిసార్లు చూపిస్తారు, పోయినవాళ్ల పేరు ఒక్కసారి చెప్పి వదిలేస్తారు.

మూన్‌స్టోన్ దొరక్కపోతే చింత లేదు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు మన గ్రంథాలయాల్లో ఇంకా ఏదో అరలో ఉంటారు. ఒకటి తెచ్చుకోండి. చివరి పేజీ ముందే చూసే అలవాటుంటే ఈసారికి మానుకోండి. చదవడం అయ్యాక, ఎవరో తెలిసిపోయింది కదా అని పుస్తకం తిరిగి ఇచ్చేయకండి. పెన్సిలు పట్టుకుని మొదటి రెండు అధ్యాయాలు మళ్లీ చదవండి, రచయిత మీకు ముందే చెప్పేసిన చోట్ల గీత గీసుకోండి. గీతలేవీ పడకపోతే ఆ పుస్తకం నిస్సంకోచంగా రైల్లో వదిలేయవచ్చు.