ప్రార్థన చాప మీదే పాఠం

1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదం మొదలుపెట్టారు. పిల్లలకు బడీ పెట్టారు. మన ప్రాంతానికి బైబిలూ మిషన్ బడీ కలిసే వచ్చాయి.

కొత్తవలస తల్లిదండ్రులారా, మీ ఇంట్లోనూ ప్రార్థననూ చదువునూ అలాగే కలపండి. సాయంత్రం కుటుంబ ప్రార్థన అవగానే టీవీ పెట్టకుండా, అదే చాప మీద పిల్లల్ని చదువుకు కూర్చోబెట్టండి. రోజూ అదే వేళ, అదే చోటు. కంఠతా వాక్యం అప్పజెప్పించుకున్నట్టే, పాఠం కూడా పుస్తకం మూయించి సొంత మాటల్లో చెప్పించండి. మర్నాడు మళ్లీ అడగండి. బాగా గుర్తుండేది అలాగే.

మార్కులు తగ్గితే దేవుడు కోప్పడతాడని మాత్రం బెదిరించకండి. చదువుతోపాటు ప్రార్థన అన్నా బెదురు పుడుతుంది. పరీక్ష రోజున తల మీద చెయ్యి వేసి, ప్రార్థించి పంపండి. ఆదివారం గుడి నుంచి వచ్చాక ఆటకు వదిలెయ్యండి.