మూగబోయిన లాప్‌టాపు – పంచాయతీ సభ్యుల కర్తవ్యము

(వరంగల్లు జిల్లా గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేడు మీతో ముచ్చటింపదలచిన విషయము చూచుటకు చిన్నది. పంచాయతీ కార్యాలయములోని లాప్‌టాపు తెర వెలుగుచుండును, బొమ్మ కదలుచుండును, మాట మాత్రము వినబడదు. అట్టి వేళ ఏమి చేయవలెను, ఏమి చేయరాదు అనునదే ఈ ప్రసంగ విషయము.

2025 డిసెంబరులో జరిగిన పంచాయతీ ఎన్నికల వలన మీలో పెక్కుమంది క్రొత్తగా బాధ్యతలు స్వీకరించినారు. 2020 ఏప్రిల్ 24వ తేదీన ప్రారంభమైన ఇ-గ్రామస్వరాజ్ మొదలుకొని అనేక పనులు నేడు కంప్యూటరు మీదనే నడచుచున్నవి. శిక్షణ పాఠములు, పై అధికారులతో వీడియో సమావేశములు, గ్రామసభలో చూపు చలనచిత్రములు అన్నియు ఆ చిన్న పెట్టె నుండియే రావలెను. చదువు వచ్చినవాడు తెర మీది అక్షరములు చదివి కొంత గ్రహించగలడు. చదువు రాని వృద్ధురాలికి, కూలి మనిషికి చెవిని బడిన మాటయే ఆధారము. కావున లాప్‌టాపు మూగబోయిన నాడు నష్టపోవువారు ముందుగా వారే.

గ్రామమునకు మాటను చేర్చు ప్రయత్నము క్రొత్తది కాదు. 1956లో ఆకాశవాణి, యునెస్కో సహకారముతో, పూనా పరిసర జిల్లాలలోని 150 గ్రామములలో రేడియో గోష్ఠులను నడిపినది. గ్రామస్థులు ఒకచోట చేరి కార్యక్రమమును విని, పిదప తమ ఊరి సంగతులతో దానిని పోల్చి చర్చించెడివారు. 1975 ఆగస్టు నుండి ఒక సంవత్సర కాలము ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములు ప్రసారమైనవి. వానిలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఎంత గొప్ప ఏర్పాటైనను, ఊరిలోని పెట్టె పలికిన నాడే అది ఊరికి ఉపయోగపడును. నేటి లాప్‌టాపునకును ఈ మాట వర్తించును.

ఇక యంత్రము సంగతి. మన జిల్లా రైతునకు దీనిని తెలియజెప్పుట కష్టము కాదు. కాకతీయుల నాటి పాకాల చెరువును తలచుకొనుడు. చెరువులో నీరుండవలెను, తూము తెరచియుండవలెను, నీరు సరియైన కాలువలోనికి మళ్ళవలెను, అప్పుడే మడి తడియును. శబ్దమును ఇట్టిదే. కార్యక్రమము చెరువు. ధ్వనిని హెచ్చించి తగ్గించు మీట తూము. ఆ ధ్వని ఏ పరికరమునకు పోవలెనో నిర్ణయించు అమరిక కాలువ. చివరనున్న స్పీకరు మడి. మడికి నీరు రానప్పుడు తెలివిగల రైతు చెరువు కట్టను త్రవ్వడు. తూము నుండి కాలువ వెంట నడచి అడ్డు ఎక్కడ పడినదో చూచుకొనును. లాప్‌టాపు విషయమునను ఇదే వరుసను పాటింపవలెను.

మొదట చెరువులో నీరున్నదా యని చూడుడు. ఒక వీడియోకు ధ్వని లేకున్నచో వేరొకదానిని నడిపి వినుడు. రెండవది పలికినచో దోషము మొదటి వీడియోదే గాని యంత్రముది కాదు.

రెండవది తూము. తెర క్రింద కుడి మూలనున్న స్పీకరు గుర్తును చూడుడు. దాని ప్రక్క ఇంటు గుర్తున్నచో ధ్వని మూసివేయబడినదని అర్థము. కీబోర్డు పై వరుసలోని మీటలలో ఒకదానిమీద ఇట్టి బొమ్మయే ఉండును. తుడుచునప్పుడో, పిల్లల చేతులు తగిలినప్పుడో అది నొక్కుకొనిపోవుట కలదు. దానిని మరల నొక్కవలెను. కొన్ని లాప్‌టాపులలో ఎఫ్‌ఎన్ అను మీటతో కలిపి నొక్కవలసియుండును. పెద్ద తూము తెరచియున్నను పిల్ల తూములు మూసియుండవచ్చును. వీడియో క్రిందను, సమావేశపు యాప్‌లోను వేరువేరుగా ధ్వని అమరికలుండును. స్పీకరు గుర్తుపై మౌసు కుడి బొత్తామును నొక్కి, వాల్యూమ్ మిక్సర్ అనుదానిని తెరచినచో ఏ యాప్‌నకు ఎంత ధ్వని ఉన్నదో తెలియును.

మూడవది కాలువ. మన కార్యాలయములలో తరచుగా చిక్కు వచ్చునది ఇచ్చటనే. లాప్‌టాపును పెద్ద టీవీకో, ప్రొజెక్టరునకో హెచ్‌డిఎంఐ తీగతో కలిపినప్పుడు ధ్వనియు ఆ వైపునకే మళ్ళవచ్చును. ప్రొజెక్టరులో స్పీకరు లేనిచో మాట ఎచ్చటను వినబడదు. అటులనే ప్రక్క గదిలోనున్న బ్లూటూత్ స్పీకరునకో, ఒకరి చెవిలోని ఇయర్‌ఫోనునకో ధ్వని పోవుచుండవచ్చును. సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ అనుచోట పరికరముల పేర్లు కనబడును. లాప్‌టాపు స్పీకరును కావలసినచో దానిని, మైకుసెట్టును కావలసినచో దానిని ఎంచుకొనవలెను. ఎవరైనను హెడ్‌ఫోను తీగను తగిలించి మరచిరేమో కూడ చూడవలెను.

నాల్గవది మడి. ఇందుకు ఒక సులువైన పరీక్ష కలదు. తీగగల ఇయర్‌ఫోనును తగిలించి వినుడు. దానిలో మాట స్పష్టముగా వినబడి, స్పీకరు మాత్రము పలుకనిచో, స్పీకరునందో, తీగ గ్రుచ్చు రంధ్రమునందో లోపమున్నదని అనుమానింపవచ్చును. ఆ రంధ్రములో దుమ్ము చేరినచో తీగ లేకున్నను ఉన్నట్లే యంత్రము భ్రమపడవచ్చును. రెండింటిలోను వినబడనిచో లోపము చాలవరకు అమరికలలోనో, డ్రైవరు అను లోపలి ప్రోగ్రాములోనో ఉండును. ఈ పరీక్షకు కాసు ఖర్చులేదు.

అప్పటికిని ఫలితము లేనిచో, తెరచిన పనులన్నిటిని భద్రపరచి, రీస్టార్ట్ చేయుడు. మూత మూసి తెరచుట రీస్టార్ట్ కాదు. విండోస్‌లో ఆపి మరల వెలిగించుట కూడ అన్నివేళల దానికి సమానము కాదు. ఏలయన, త్వరగా తెరచుకొనుటకై అది పాత స్థితిలో కొంత భాగమును దాచియుంచుకొనును. రీస్టార్ట్ చేసినప్పుడే డ్రైవర్లు మొదటినుండి తిరిగి నడచును. పిమ్మట సెట్టింగ్స్‌లోని ట్రబుల్‌షూట్ అను విభాగములో ఆడియో పరీక్షను నడపవచ్చును. ఇటీవలి అప్‌డేటు తరువాతనే ధ్వని పోయినచో, డివైస్ మేనేజర్‌లో పాత డ్రైవరునకు మరలు వీలు కొన్నిసార్లు ఉండును. ఈ పని తెలిసినవారి చేత చేయించుట మంచిది. పాత యంత్రములు గల పంచాయతీలు మరియొక సంగతి గమనింపవలెను. విండోస్ 10నకు కంపెనీ ఇచ్చు సాధారణ సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది.

ఇక చేయరాని పనులు. మాట రాలేదని తొందరపడి లాప్‌టాపును దుకాణమున వదలి రారాదు. "ఫార్మాటు చేసినచో సరిపోవును" అని ఎవరైనను చెప్పవచ్చును. ఫార్మాటు అనగా లోపలనున్న దానిని తుడిచివేయుట. ఇ-గ్రామస్వరాజ్‌లో నమోదైన లెక్కలు సర్వరులో ఉండును గాని, మీరు లాప్‌టాపులోనే దాచుకొన్న తీర్మానముల ప్రతులు, పనుల ఫొటోలు, జాబితాలు అటుల ఉండవు. స్పీకరు పలుకునేమో గాని, ఊరి కాగితములు తిరిగి రావు. కావున మరమ్మతునకు పంపుటకు ముందే వానిని వేరొక డిస్కులోనికి ఎత్తియుంచవలెను. చెల్లింపులకు వాడు డిజిటల్ సంతకపు టోకెనును ఎట్టి పరిస్థితిలోను యంత్రముతో పంపరాదు. అది సంతకము చేసిన ఖాళీ చెక్కు వంటిది. పాస్‌వర్డులను కాగితముపై వ్రాసి అంటించి పంపరాదు. వారంటీ కాలమున్నదేమో చూచుకొనవలెను. ఏ భాగము మార్చినారో, ఎంత తీసికొనినారో రసీదు పుచ్చుకొనవలెను. అది పన్ను కట్టినవారి సొమ్ము.

ఈ పనులు ఎవరు చేయవలెనని మీరడుగవచ్చును. మన జిల్లాలోని గీసుగొండ మండలపు గంగదేవిపల్లి దీనికి సమాధానము చూపినది. ఒక్కొక్క పనికి ఒక్కొక్క కమిటీని ఏర్పరచుకొని, గ్రామస్థులే బాధ్యత వహించి, 2007లో నిర్మల్ గ్రామ పురస్కారము పొందిన గ్రామమది. అదే పద్ధతిలో లాప్‌టాపు, మైకుసెట్టు సంగతి ఒకరిద్దరు సభ్యులకు అప్పగింపుడు. కార్యదర్శి సెలవులో నున్న నాడును పని ఆగరాదు. గ్రామసభకు ముందునాటి సాయంకాలమే యంత్రములన్నిటిని కలిపి, సభ జరుగు చోటనే నడిపి, వెనుక వరుసలో నిలిచి వినుడు. సభనాడు జనము కూర్చున్న పిదప తీగలు వెదకుట వారి కూలి గంటలను వృథా చేయుటయే.

చివరగా ఒక మాట. వినుట ఎంత ముఖ్యమో, వినిపించుటయు అంతే ముఖ్యము. 2025 ఆగస్టులో కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ సభాసార్ అను సాధనమును ప్రవేశపెట్టినది. గ్రామసభలో రికార్డయిన మాటల నుండి చర్చల సారాంశమును సిద్ధము చేయుట దాని పని. మైకు మూసియున్నచో, లేక దూరముగా నున్నచో, వెనుక కూర్చున్న మహిళ చెప్పుకొన్న మంచినీటి కష్టము ఆ సారాంశమున చేరదు. చెప్పలేదన్నట్లే మిగిలిపోవును. కావున స్పీకరును పరీక్షించునపుడే మైకును కూడ పరీక్షింపుడు.

ఊరి ప్రజలు మిమ్ము ఎన్నుకొన్నది తమ మాట పైకి పోవలెనని, పై మాట తమకు చేరవలెనని. ఆ రాకపోకలకు అడ్డుపడినది ఒక చిన్న మీటయే అయినను, దానిని వెదకి సరిచేయుట మీ బాధ్యతలోనిదే. రేపు మీ కార్యాలయమునకు పోగానే ఒకసారి లాప్‌టాపును తెరచి, అది పలుకుచున్నదో లేదో వినుడు.