మంజూరు వేరు, నిల్వ వేరు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పీపీవో నకళ్లు, సర్వీసు పుస్తకాల పేజీలు, మెడికల్ బిల్లులు ఇప్పుడు కంప్యూటర్లలో దాచుకుంటున్నాం. ఆ దాచే చోటు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించినారు. నేను ముప్పై ఐదేళ్లు జమాఖర్చులు రాసిన గుమాస్తాను. మనవడి పక్కన కూర్చొని తెలుసుకున్నదే చెబుతాను.

బడ్జెట్ కేటాయింపు వేరు, ట్రెజరీలో సొమ్ము వేరు అని మనకొకరు చెప్పనక్కరలేదు. కంప్యూటర్లోనూ అంతే. 250 జీబీల డిస్కు మీద 100 జీబీల వాల్యూములు నాలుగు మంజూరు చేయవచ్చు. దీన్ని థిన్ ప్రొవిజనింగ్ అంటారు. ఫైళ్లు రాసినకొద్దీ మాత్రమే అసలు డిస్కులో జాగా ఖర్చవుతుంది. అందరూ ఒకేసారి నింపరు గనుక పద్ధతి మంచిదే. కాని మంజూరు 400, నిల్వ 250 అన్నది మరువరాదు. వాల్యూము సగం ఖాళీగా కనబడుతుండగానే కింద డిస్కు నిండిపోవచ్చు. అప్పుడు కొత్త రాత పడదు, రాస్తున్న ఫైలు చెడిపోవచ్చు. అది మనలో ఒకరి ఇల్లాలికి ఫ్యామిలీ పెన్షన్ కోసం కావలసిన కాగితమే కావచ్చు.

లినక్సులో 'డీఎఫ్' అనే ఆజ్ఞ మంజూరు లెక్క చూపుతుంది. ఉమ్మడి నిల్వలో ఎంత శాతం ఖర్చయిందో 'ఎల్‌వీఎస్' చెబుతుంది. రెండోదే మనం చూడవలసినది. వాల్యూము పరిమాణం పెంచితే మంజూరు పెరుగుతుందే గాని నిల్వ పెరగదు. నిల్వ పెరగాలంటే డిస్కు చేర్చాలి.

పెంచేటప్పుడు ముందు వాల్యూమును, తర్వాత లోపలి ఫైల్ సిస్టమ్‌ను పెంచాలి. తగ్గించేటప్పుడు ముందు ఫైల్ సిస్టమ్, తర్వాత వాల్యూము. తగ్గించేటప్పుడు ఈ వరుస తారుమారైతే ఫైళ్లు తెగిపోవచ్చు.

ఇంకొక సంగతి. పాత ఫైళ్లు చెరిపినంత మాత్రాన ఆ జాగా చాలాసార్లు ఉమ్మడి నిల్వకు తిరిగి రాదు. చెరువులో పూడిక వలె ఉండిపోతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో మన చెరువుల పూడిక తీయడం చూసినాం గదా! ఇక్కడ ఆ పని 'ఎఫ్‌స్ట్రిమ్' అనే ఆజ్ఞ చేస్తుంది.

ఈ పనులు చేయగల పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు. వారిని మూడు ప్రశ్నలు అడగండి: మంజూరు ఎంత? నిల్వ ఎంత? వేరే చోట నకలు ఉన్నదా? మూడోదానికి జవాబు వచ్చేదాకా ఏ వాల్యూము మీదా చెయ్యి వేయనివ్వకండి.