బి.కాం. క్లాసులో అకౌంట్స్ ఎలా చెప్పాలి?
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఉర్దూ మీడియం పిల్లలు ఇంటర్ దాటి బి.కాం.లో చేరగానే మొదటి దెబ్బ అకౌంట్స్‌లో తగులుతుంది. తెలివి లేక కాదు. మొదటి రోజే బోర్డు మీద సూత్రాలు రాసి బట్టీ పట్టమంటారు. ‘వచ్చేది డెబిట్, పోయేది క్రెడిట్’ అని పిల్లవాడు అప్పజెపుతాడు. తీరా స్కాలర్‌షిప్పు పడిన రోజున బ్యాంకు పాస్‌బుక్కులో ‘క్రెడిట్’ అని ఉంటుంది! డబ్బు వచ్చింది గదా, మరి క్రెడిట్ ఎలా అయింది? ఆ లెక్క బ్యాంకువారిది. మన డబ్బు తమ దగ్గరున్నంత కాలం వారు మనకు బాకీదారులు, కనుక అక్కడ మన పేర జమ. అదే సొమ్ము మన పుస్తకంలో డెబిట్. ‘ఈ పుస్తకం ఎవరిది?’ అని అడగడం నేర్పితే సగం చదువు అయినట్టే.

ఇది నా సొంత ఊహ కాదు. అమెరికాలో అకౌంటింగు చదువును మార్చడానికి 1989లో ఒక కమిషన్ ఏర్పడింది. పెద్ద ఆడిట్ సంస్థలే దానికి నిధులిచ్చాయి. లెక్కను చూసి అప్పిచ్చేవాడు, పెట్టుబడి పెట్టేవాడు ఏమి నిర్ణయించుకుంటాడో మొదటి కోర్సులోనే తెలియజెప్పాలని ఆ కమిషన్ 1992లో చెప్పింది. కొందరు ప్రొఫెసర్లు మోనోపలీ ఆటనే క్లాసుకు తెచ్చారు. మన పిల్లలు బిజినెస్ అని ఆడుకునేది అలాంటిదే. ఆడే ప్రతివాడూ ఒక కంపెనీ. స్థలం కొంటే ఆస్తి, అద్దె వస్తే ఆదాయం, తాకట్టు పెడితే అప్పు. అన్నీ పద్దులు రాసి, ఆట ఆపి బ్యాలన్సు షీటు తీస్తారు. చేతిలో నోట్లు తక్కువున్నవాడే ఎక్కువ ఆస్తిపరుడని ఒక్కొక్కసారి తేలుతుంది!

ఆటలతో పరీక్ష పాసవుతారా అని పెద్దలు అడగవచ్చు. సూత్రాలు, సాధన వద్దని ఎవరూ అనలేదు, వరస మారాలంతే. కంప్యూటరు వచ్చాక ఈ అవసరం మరీ పెరిగింది. ట్యాలీలో వోచరు ఎక్కిస్తే లెడ్జరు దానంతటదే వస్తుంది. కాని దుకాణానికి కొన్న ఫ్రిజ్‌ను నెల ఖర్చులో వేసినా ట్రయల్ బ్యాలన్సు సరిపోతుంది. లాభం మాత్రం తక్కువ కనిపిస్తుంది. పట్టుకోవలసింది మనిషే.

జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు. తెలుగు లెక్కల్లోని ఈ మాటలు అరబ్బీ, ఫారసీల నుంచి వచ్చినవే; మన ఇళ్లలో వినబడేవే. లెక్చరర్లు వీటితో మొదలుపెడితే పిల్లల బెదురు తగ్గుతుంది. ఒక్క చిక్కు ముందే చెప్పాలి: పాత చిట్టాలో వచ్చిన సొమ్ము జమ వైపు, ఇంగ్లీషు క్యాష్‌బుక్కులో డెబిట్ వైపు.

దుకాణదారులైన సభ్యులకు నా మనవి. ఒక నెల పాత బిల్లులు, పేర్లు కొట్టేసి, మన కాలేజీ పిల్లలకు ఇవ్వండి. సొసైటీ జమాఖర్చుల పట్టిక కూడా ఇద్దాం. వచ్చిందెంత, పోయిందెంత అన్నదే అందులో ఉంటుంది. రావలసిన చందాలు, కట్టవలసిన కరెంటు బిల్లు, బెంచీల విలువ వారే విచారించి బ్యాలన్సు షీటు తయారుచేస్తారు. ఆదివారం జొహర్ తర్వాత హాలు తెరిపిస్తే నేను వస్తాను. కామర్సు లెక్చరరును ఒకరిని ఒప్పించే పని కార్యవర్గం చూడాలి.