ఆటగాడు గురువైన వేళ
(సభ్య సంఘాల అధ్యక్ష, కార్యదర్శుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల సభలో బాడ్మింటన్ మాటేమిటని మీకు తోచవచ్చు. కాస్త ఓపిక పట్టండి. మన అమలాపురం కుర్రవాడు సాత్విక్‌సాయిరాజ్, చిరాగ్ శెట్టితో జతకట్టి 2023లో ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చాడు. ఆ ఏడే ఆ జంట ప్రపంచంలో మొదటి ర్యాంకుకు చేరింది. ఆ కుర్రవాడు 2014లో చేరింది హైదరాబాదులో పుల్లెల గోపీచంద్ నడిపే అకాడమీలో. నేడు ఆ గురువు సంగతే మనవి చేస్తాము.

గోపీచంద్ 1973లో నాటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టారు. 1994లో మోకాలు దెబ్బతిని శస్త్రచికిత్స చేయించుకోవలసి వచ్చింది. ఇక ఆట లేదనుకునే స్థితి నుంచి లేచి, 2001లో ఆల్ ఇంగ్లండ్ పోటీలో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను ఓడించి విజేత అయ్యారు. 1980లో ప్రకాశ్ పదుకొనె తరువాత ఆ టైటిల్ గెలిచిన భారతీయుడు ఆయనే. గెలిచాక శీతల పానీయం ప్రకటనకు డబ్బిస్తామని వస్తే, పిల్లలకు మంచిది కాని దాన్ని తాగమని చెప్పలేనని వదులుకున్నారు. పాలు అమ్ముకునే మనకు ఈ మాట ప్రత్యేకంగా నచ్చుతుంది.

ఆపైన ఆయన రాకెట్టు పక్కన పెట్టి గురువయ్యారు. 2003లో ప్రభుత్వం గచ్చిబౌలిలో అయిదెకరాలు ఇచ్చింది. కట్టడానికి సొమ్ము చాలక సొంత ఇల్లు తాకట్టు పెట్టారు. 2008లో అకాడమీ మొదలైంది. తెల్లవారు ఝామున మనం పాలు పితికే వేళకే ఆయన పిల్లలతో కోర్టులో ఉండేవారు. 2012లో లండన్‌లో సైనా నెహ్వాల్‌కు కాంస్యం, 2016లో రియోలో సింధుకు రజతం వచ్చాయి. రియోకు ముందు మూడు నెలలు సింధు చేతికి ఫోను ఇవ్వలేదు. అక్కడికి వెళ్ళాక ఆమెకెంతో ఇష్టమైన తీపి పెరుగు, ఐస్‌క్రీము కూడా మాన్పించారు. పతకం వచ్చిన రోజున, ఇక ఏం కావాలన్నా తినవచ్చునన్నారు. మన పెరుగుకు ఆ రోజు న్యాయం జరిగింది!

అసలు చెప్పదలచింది ఇది. 2014లో సైనా ఆ అకాడమీ విడిచి బెంగుళూరులో మరో గురువు దగ్గరకు వెళ్ళింది. అక్కడ ఉండగానే 2015లో ప్రపంచంలో మొదటి ర్యాంకు అందుకుంది. చేతులారా పెంచిన గురువుకు అది చిన్న బాధ కాదు. అయినా 2017లో ఆమె తిరిగి వస్తే ఆయన తలుపు మూయలేదు. మళ్ళీ ఆట నేర్పారు. 2018లో కామన్‌వెల్త్ క్రీడల్లో ఆమె బంగారు పతకం గెలిచింది.

మన సంఘాల్లోనూ ఇదే జరుగుతున్నది. లీటరుకు రూపాయో రెండో ఎక్కువ వస్తుందని సభ్యులు ప్రైవేటు డెయిరీకి పాలు పోస్తారు. పాలు ఎక్కువైన రోజుల్లో అక్కడ ధర తగ్గితే మళ్ళీ మన గుమ్మంలో నిలబడతారు. అప్పుడు మనలో కొందరు “నీ క్యాను ఇక్కడ దించవద్దు” అంటారు. ఆ కోపం మాకు తెలుసు. నష్టకాలంలో సంఘాన్ని మోసిన వారిని చూసినప్పుడు ఆ కోపం న్యాయమే అనిపిస్తుంది కూడా. అయితే ఆ మాటతో పోయేది ఒక్క క్యాను కాదు, ఆ ఇంటి రేపటి తరం.

అందువల్ల తిరిగి వచ్చినవారి పాలు పట్టండి. విధేయంగా నిలిచినవారికి బోనసులో న్యాయం చేయండి. ముఖ్యంగా, వెళ్ళినవారు ఎందుకు వెళ్ళారో అడగండి. వెన్నశాతం వారి కళ్ళెదుట చూడలేదా? బిల్లు తేదీకి అందలేదా? అలాంటిదే అయితే దిద్దుకోవలసింది మనమే.

గోపీచంద్ గెలిచిన ఆల్ ఇంగ్లండ్ కప్పు ఒక్కటే. ఆయన తీర్చిదిద్దిన ఆటగాళ్ళు ఎందరో. పాత కార్యదర్శులారా, మీ తరువాత నమూనా పట్టి వెన్న చూడగల కుర్రవాణ్ణో ఆడపిల్లనో ఈ ఏడు ఒక్కరినైనా తయారు చేయండి. మీకు మా వినతి ఇంతే.